షాన్ మారియన్ ఇంకా గడప బయటే ఎందుకు?

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న, ఆటలో గొప్పవాళ్లకి చోటిచ్చే నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఏటా, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలేజీ టోర్నీ చివరి దశ అయిన ఫైనల్ ఫోర్ జరిగే రోజుల్లో, కొత్త జాబితా ప్రకటిస్తుంది. 2025 జాబితాలో కార్మెలో ఆంథొనీ, డ్వైట్ హోవర్డ్, స్యూ బర్డ్, మాయా మోర్, సిల్వియా ఫౌల్స్ ఉన్నారు. ఎవరూ వేలెత్తి చూపలేని పేర్లే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఫీనిక్స్, డల్లాస్ జట్లకి ఆడిన షాన్ మారియన్ మాత్రం ఆ ఏడూ బయటే ఉండిపోయాడు. అతను ఆట మానేసింది 2015లో.

మన ఇళ్లలో ఈ చర్చ ఎప్పుడొచ్చినా తూకపురాళ్లు రెండే. ఎన్ని పాయింట్లు కొట్టాడు? ఎన్ని ఉంగరాలు, అంటే టైటిళ్లు, గెలిచాడు? క్రికెట్ చూస్తూ పెరిగాం కదా, పరుగులు లెక్కపెట్టే అలవాటు చేతుల్లోనే ఉంది. బ్యాటర్ చేసిన పరుగులు అతని ఖాతాలోకే పోతాయి. బాస్కెట్‌బాల్‌లో అలా కుదరదు. ఒకడు వేసిన బుట్ట వెనక ఇంకొకడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి పెట్టిన స్క్రీన్ ఉంటుంది, మరొకడు మూలన నిలబడి ఖాళీ చేసిన చోటు ఉంటుంది. ప్రత్యర్థిని ఆపిన పనికైతే చాలాసార్లు ఏ గడిలోనూ అంకె పడదు.

ముందు పాయింట్ల సంగతే చూద్దాం. టామ్ ఛాంబర్స్ 20,049 పాయింట్లు చేశాడు, నాలుగుసార్లు ఆల్‌స్టార్. ఆంటాన్ జేమిసన్ 20,042. ఇద్దరూ 2025 దాకా లోపలికి రాలేదు. మ్యాచ్‌కి సగటున 5.7 పాయింట్లు మాత్రమే చేసిన బెన్ వాలెస్ 2021లో చేరాడు. నాలుగుసార్లు ఏడాదికి ఉత్తమ డిఫెండర్‌గా నిలిచినవాడు అతను. ఈ విషయంలో హాల్ ఓటింగ్ కమిటీ చేసింది ముమ్మాటికీ న్యాయం.

పాయింట్లను పోల్చాలంటే ఆ సీజన్‌లో ఒక్కో జట్టు సగటున ఎంత కొట్టిందో ముందు చూసుకోవాలి. 1984-85లో ఎన్‌బీఏ జట్ల సగటు మ్యాచ్‌కి 110.8. 2003-04కి అది 93.4కి పడిపోయింది. అప్పట్లో 20 పాయింట్లంటే జట్టు స్కోరులో 18 శాతం, ఇరవై ఏళ్ల తర్వాత అదే 20 అంటే 21 శాతం పైమాటే. అంటే 2004లో ఒక ఆటగాడి 20 పాయింట్లు 1985 లెక్కల్లో దాదాపు 24కి సమానం. ఈ భాగహారం చేయకుండా రెండు తరాలవాళ్లని పక్కపక్కన నిలబెట్టడం వల్లే సగం వాదనలు దారి తప్పుతున్నాయి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి లాక్కున్న బంతులు), బ్లాక్స్ (అడ్డుకున్న షాట్లు) ఎన్‌బీఏ లెక్కల్లోకి వచ్చింది 1973-74లో. మూడు పాయింట్ల గీత 1979-80లో, ఉత్తమ డిఫెండర్ అవార్డు 1982-83లో మొదలయ్యాయి. అంతకుముందు ఆడినవాళ్ల పట్టికలో ఆ గడులు ఖాళీగా ఉంటే వాళ్లకి ఆ పని చేతకాదని అర్థం కాదు.

ఇప్పుడు మారియన్. మొత్తం 17,700 పాయింట్లు, 10,101 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ తర్వాత అందుకున్న బంతులు), 1,759 స్టీల్స్, 1,233 బ్లాక్స్. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. ఆ ఎత్తుతో ఫీనిక్స్‌లో మామూలుగా ఇంకా పొడుగైనవాళ్లు బుట్ట దగ్గర ఆడే పవర్ ఫార్వర్డ్ స్థానంలో ఆడి, తనకంటే పొడుగైన, బరువైన వాళ్లతో రాత్రి రాత్రీ రీబౌండ్ల కోసం పెనుగులాడాడు. 2005-06లో జట్టులోని స్టార్ అమారే స్టాడమైర్ మోకాలి ఆపరేషన్ వల్ల మూడే మ్యాచ్‌లు ఆడితే, ఆ లోటు పూడ్చినవాళ్లలో ముందువరస మారియన్‌దే. ఆ సీజన్‌లో అతని సగటు 21.8 పాయింట్లు, 11.8 రీబౌండ్లు. జట్టు 54 మ్యాచ్‌లు గెలిచి వెస్ట్ ఫైనల్ దాకా, అంటే లీగ్ సెమీస్ దాకా వెళ్లింది. ఆ ఏడాది ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు, అదే జట్టులోని స్టీవ్ నాష్‌కి దక్కింది, అతను 2018లో హాల్‌లో చేరాడు కూడా. నాష్ పాస్ అందుకోవడానికి ముందుగా పరిగెత్తింది ఎవరు, ఆ వేగం వల్ల వెనక ఖాళీ అయిన చోటుని కాపలా కాసింది ఎవరు అని అడగకుండా ఆ జట్టు కథ పూర్తికాదు. మారియన్ కోసం కోచ్ ముందుగా గీసిన ఎత్తుగడలు తక్కువ. ఎగిరి అందుకున్న బంతి, పరిగెత్తి అందుకున్న బంతి, లాక్కున్న బంతి, వీటితోనే అన్ని పాయింట్లు చేశాడు.

మారియన్ డల్లాస్‌కి మారాక, మియామీ మీద ఆడిన 2011 ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌ని ఇంకోసారి చూడండి. ఈసారి బంతిని వదిలేసి మారియన్ కాళ్లని చూడండి. డల్లాస్ 86-83తో గెలిచిన ఆ రాత్రి మియామీ స్టార్ లెబ్రాన్ జేమ్స్ వేసిన షాట్లు 11, పడినవి 3, చేసిన పాయింట్లు 8. ఆ సిరీస్ మొత్తంలో అతని సగటు 17.8. ఇదంతా మారియన్ ఒక్కడి ఘనతే అనడం లేదు. డిషాన్ స్టీవెన్సన్ ఉన్నాడు, వెనక టైసన్ చాండ్లర్ ఉన్నాడు, మధ్యమధ్యలో కోచ్ రిక్ కార్లైల్ వేసిన జోన్ (ఆటగాడిని కాక చోటుని కాపలా కాసే పద్ధతి) ఉంది. కానీ లెబ్రాన్‌కి ఎదురుగా ఎక్కువసేపు నిలబడాల్సిన బరువు 33 ఏళ్ల మారియన్ మీదే పడింది. ఆ బరువు మోసిన పనికి స్కోరు పట్టికలో గడి లేదు. మారియన్‌కి నా ఓటు ఇందుకే.

ఉంగరాల వాదన ఇంకా బలహీనం. రాబర్ట్ హోరీకి ఏడు ఉన్నాయి, మూడు జట్లతో. 2002లో శాక్రమెంటో మీద చివరి క్షణంలో పడిన ఆ మూడు పాయింట్ల షాట్‌ని, 2005 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో డెట్రాయిట్‌లో చేసిన 21 పాయింట్లని ఎవరూ మరిచిపోలేరు. కానీ కెరీర్ సగటు 7 పాయింట్లు, ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాదు, పక్కన ఎప్పుడూ ఒలాజువాన్, ఓనీల్, డంకన్‌లలో ఒకరు. మైకేల్ కూపర్ సగటు కూడా 8.9 మాత్రమే కదా, అతన్ని 2024లో తీసుకున్నారు కదా అంటారు. కూపర్ 1987లో ఏడాదికి ఉత్తమ డిఫెండర్, లీగ్‌లోని మేటి డిఫెండర్లతో ఏటా ఎంపిక చేసే ఆల్ డిఫెన్సివ్ జట్లలో ఎనిమిదిసార్లు ఉన్నాడు. అవతలి జట్టులో అందరికంటే గట్టివాణ్ణి ఆపే పని లేకర్స్ అప్పగించింది అతనికే. ఆ తేడా చాలా పెద్దది.

మార్కస్ జాన్సన్ విషయంలో జరిగింది అన్యాయమనే అంటాను. యూసీఎల్‌ఏతో 1975 కాలేజీ టైటిల్, 1977లో కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే మొట్టమొదటి వుడెన్ అవార్డు, ఎన్‌బీఏలో ఐదుసార్లు ఆల్‌స్టార్, 1979లో ఆ సీజన్ మేటి ఐదుగురితో ఎంచే ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టు. 691 మ్యాచ్‌ల్లో సగటు 20.1. 1986లో మెడ గాయం అతని ఆటకి దాదాపు అడ్డుకట్ట వేసింది. 2025లో ఫైనలిస్టు దాకా వచ్చి మళ్లీ ఆగిపోయాడు.

గాయాల వల్ల కుదించుకుపోయిన కెరీర్ అనగానే చికాగో వైపువాళ్లు డెరిక్ రోజ్ పేరెత్తుతారు. 22 ఏళ్లకే ఎంవీపీ, అందరికంటే చిన్న వయసులో. 2012 ప్లేఆఫ్స్‌లో మోకాలి లిగమెంటు తెగింది. బిల్ వాల్టన్ ఎన్‌బీఏలో ఆడింది 468 మ్యాచ్‌లే, అయినా చేరాడన్నది వాళ్ల వాదన. కానీ వాల్టన్‌కి ఎంవీపీతో పాటు రెండు ఎన్‌బీఏ టైటిళ్లు, రెండు కాలేజీ టైటిళ్లు ఉన్నాయి. మాయా మోర్ ఎనిమిది సీజన్లే ఆడింది, అందులో నాలుగు టైటిళ్లు. రోజ్ శిఖరం మూడేళ్లది. మనసు ఒప్పుకోకపోయినా, అతనికి నా ఓటు లేదు.

మన చర్చల్లో అసలు వినిపించని పేరు గ్రీస్ ఆటగాడు దిమిత్రిస్ దియమాంతిదిస్. ఇది ఎన్‌బీఏ హాల్ కాదు, బాస్కెట్‌బాల్ హాల్. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడని బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్‌కి 2013లో చోటిచ్చారు. దియమాంతిదిస్ కూడా ఎన్‌బీఏకి వెళ్లలేదు. గ్రీస్ క్లబ్ పానాథినైకోస్‌తో 2007, 2009, 2011లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ టైటిళ్లు, 2011లో యూరోలీగ్ ఎంవీపీ, ఆరుసార్లు అక్కడి ఉత్తమ డిఫెండర్, 2005లో గ్రీస్‌తో యూరోబాస్కెట్ స్వర్ణం. 2006 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో అమెరికాని 101-95తో ఓడించిన గ్రీస్ జట్టులో అతనున్నాడు. ఎదురుగా లెబ్రాన్, వేడ్, పాల్, హోవర్డ్, ఆంథొనీ.

ఇక ఓటింగ్. ఉత్తర అమెరికా ఆటగాళ్లని ముందు 9 మంది స్క్రీనింగ్ కమిటీ జల్లెడ పడుతుంది, 7 ఓట్లు వస్తేనే ఫైనలిస్టు. తర్వాత 24 మంది ఆనర్స్ కమిటీలో 18 ఓట్లు రావాలి, అంటే 75 శాతం. బేస్‌బాల్ రచయితల ఓటింగ్‌లోనూ గీత 75 శాతమే. కానీ అక్కడ ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఏటా ప్రకటిస్తారు, కొందరు రచయితలు తమ బ్యాలట్‌ని తామే బయటపెడతారు. ఇక్కడ ఓటేసినవాళ్ల పేర్లూ తెలియవు, పడిన ఓట్ల లెక్కా తెలియదు. ఒత్తిడి ఉండకూడదని పేర్లు దాచుకుంటే సరే. అంకె మాత్రం బయటికి రావాలి. మార్కస్ జాన్సన్ 17 ఓట్ల దగ్గర ఆగాడా, 7 దగ్గర ఆగాడా అన్నది అతనికీ చెప్పాలి, మనకీ చెప్పాలి. రెండు మూడేళ్లు ఆ అంకెలు వరుసగా చూస్తే చాలు, ఎవరి తరఫున ఇంకా గట్టిగా వాదించాలో, ఎవరి విషయంలో ఊరుకోవాలో తేలిపోతుంది.