తీరం ఊడ్చేది బడిపిల్లలా?

ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఒడ్డుకు వచ్చే వేళయింది. ఎప్పటిలాగే బడిపిల్లలను ఇసుకలోకి దింపారు. క్లాసులు మాన్పించి, గోనెసంచులు చేతికిచ్చి, గ్లౌజులైనా లేకుండా తెగిన వలలు, మందు సీసాలు, గాజు పెంకులు ఏరించారు. బ్యానర్ పట్టించి ఫొటోలు తీసుకున్నారు. సాయంత్రానికి పెద్దలంతా కార్లెక్కారు. చెత్త మూటలు మాత్రం ఒడ్డునే ఉన్నాయి, ఎత్తుకెళ్లే బండి రాలేదు. రెండు రోజులు గాలి వీస్తే అదంతా మళ్లీ సముద్రంలోకే. దీన్ని చూసిన పిల్లలు ఏం నేర్చుకుంటారు?

చిన్నప్పుడే అలవాటు చేయాలని అధికారులు అంటున్నారు. కాదనం. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కానీ చెప్పేవాళ్లు పాటించాలి కదా!

ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. మన బజార్లలో ఏ దుకాణం ముందు నిలబడినా ఆ నిషేధం గతేమిటో తెలుస్తుంది. నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య సాగరసంగమం దగ్గర 20 కిలోమీటర్ల లోపు ట్రాలర్లు, అంటే పెద్ద వలలు లాగే మరపడవలు, చేపలు వేటాడకూడదు. అయినా ఏటా ఆ వలల్లో చిక్కి చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. ట్రాలర్లను ఆపలేనివాళ్లు ఆరో తరగతి పిల్ల చేతికి 'తాబేలును కాపాడండి' అని అట్టముక్క ఇస్తున్నారు. గుడ్లలోంచి రాత్రిపూట బయటికొచ్చే తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. తీరం వెంబడి లైట్లు ఆర్పించాల్సింది ఎవరు? అదీ బడిపిల్లలేనా?

ఈ సంగతులు ఇక్కడి మత్స్యకారులైన నోలియాల పిల్లలకు ఎవరూ బ్యానర్ కట్టి చెప్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బయట సముద్రం, అదే వాళ్ల బతుకు. పొడంపేటను కడలి కోసేస్తుంటే ఊరు ఊరంతా వెనక్కి జరగాల్సి వచ్చింది. పురుణబంధ, గోఖరకుద ఊళ్ల కుర్రాళ్లు ఏళ్ల తరబడి రాత్రుళ్లు కాపలా కాస్తున్నారు, దారి తప్పిన తాబేలు పిల్లలను ఏరి నీళ్లలో వదులుతున్నారు. బడిపిల్లలను పంపితే వాళ్ల వెంట పంపండి. గుడ్లు పెట్టిన గుంతలు లెక్కపెట్టనివ్వండి. చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లను తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయనివ్వండి. పాఠం ఇంటి భాషలో చెప్పండి. ఆ నోట్‌బుక్ పట్టుకుని వాళ్లు అటవీ శాఖను, పంచాయతీని నిలదీస్తే జవాబివ్వండి. చెత్త ఏరే పిల్లలను ముద్దు చేస్తున్న పెద్దలకు ప్రశ్న అడిగే పిల్లలంటే మాత్రం టెన్షన్.

చెత్త ఎత్తడం చట్టప్రకారం స్థానిక సంస్థల పని. పిల్లల చేత చేయించి ఆ బాధ్యత తీరిందనుకుంటే ఊరుకోం. ముందు ఒడ్డున పడున్న ఆ మూటలు ఎత్తించండి. ట్రాలర్లను ఆపండి, లైట్లు ఆర్పించండి. అంతవరకు ఏ బడి గేటు దగ్గరకూ బ్యానర్ పట్టుకుని రావద్దు.