యువ రైతు అవగాహన సదస్సు గారికి 47వ సంతకందారు విన్నపం

మహారాజశ్రీ యువ రైతు అవగాహన సదస్సు గారి దివ్య సముఖమునకు, కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి ఒక వేరుశనగ రైతు నమస్కరించి రాయు విన్నపము.

మొన్న బుధవారం మా మండల కేంద్రంలోని కల్యాణమండపంలో తమరు జరిగిన వైభవం ఇంకా కళ్ల ముందు మెదులుతూనే ఉంది. హాజరు పట్టికలో 47వ సంతకం నాది, 48వది ఇంటర్మీడియట్ ముగించి బెంగుళూరు బస్సు ఎక్కడానికి సిద్ధంగా ఉన్న మా అన్న కొడుకుది. వాడి మనసు సేద్యం మీదికి మళ్లుతుందేమోనన్న ఆశతో నేనే వెంటబెట్టుకొని వచ్చాను కనుక, ఇందులో సగం తప్పు నాదేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. మిగిలిన సగం గురించే ఈ జాబు.

సోమవారం రాత్రి మాకు వాన పడింది. పునర్వసు కార్తెలో, ఎర్రనేల బెత్తెడు లోతుకు మించి తడిసి, విత్తడానికి సరిపడే తడిని, అంటే పదును ఇచ్చిన అసలైన వాన. మంగళవారం చేనులో కాలు దిగబడింది. బుధవారం తెల్లవారి పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కగానే విడిపోయింది. విత్తనం వేసే గొర్రు కట్టవలసిన పూట అదేనని చెప్పడానికి ఏ సదస్సూ అక్కరలేదు. తమకు తెలియని సంగతి కాదు కాబోలు, అయినా మనవి చేస్తాను. నైరుతి మబ్బును పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి, ఈశాన్య మబ్బు తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి వట్టిపోతుంది, ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు దక్కే ఈ అనంతపురం జిల్లాలో విత్తే పదును పెళ్లి ముహూర్తం కంటే ఇరుకైనది. పైగా ఆషాఢపు గాలి. గాలిమరలు పెట్టినవారికి అది వరమే గాని, తడినేలను గుడ్డ పెట్టి తుడిచినట్టు ఆరబెడుతుంది.

ఆ ఒక్క రోజునే తమరు కోరుకున్నారు. “ఉదయం 10 గంటలకు తప్పక హాజరు కావాలి, రానివారి పేర్లు జాబితాలో ఉండవు” అని ఫోను వచ్చింది. ఏ జాబితాయో చెప్పలేదు. చెప్పని జాబితాకే మేము ఎక్కువ భయపడతాం. మా ఊళ్లో గొర్రు బిగించిన ట్రాక్టర్లు రెండే ఉన్నాయి. ఒకదానికి గొర్రు విప్పి, ట్రాలీ తగిలించి, అందులో జనాన్ని నింపి తమ సముఖానికి తోలుకొచ్చారు. రెండోదాని యజమాని ఆదర్శ యువ రైతుగా ఎంపికై, శాలువా కోసం వేదిక మీద కూర్చున్నాడు. విత్తనం గురించి బోధించడానికి విత్తే గొర్రును విప్పించిన ఘనత తమది.

ముఖ్య అతిథి 2 గంటలకు వేంచేశారు. అంతవరకు మేము వేదిక వెనుక ఉన్న ఫ్లెక్సీని చదువుకున్నాం. కొబ్బరిచెట్లు, నిండు కాలువ, మోకాటి లోతు నీళ్లలో వరినాట్లు. మా చేలకు కోనసీమ ముఖం తగిలించినందుకు కృతజ్ఞులం. తెర మీదికి ఇజ్రాయెల్ సేద్యం వచ్చింది. అది రాని సభకు నేనింతవరకు వెళ్లలేదు. డ్రోను మాత్రం ఛార్జింగు లేక ఎగరలేదు. ధ్రువపత్రంలో మా వాడి ఇంటిపేరు మారిపోయింది.

వాడు ఒక ప్రశ్న అడిగాడు. ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు, అది కరిగి కాయకు అందాలంటే నేలలో తేమ ఉండాలి కదా, ఆ వారం వాన లేకపోతే వేయాలా, ఆగాలా అని. పూత పైన పూసి, ఊడ మట్టిలోకి దిగి కాయ కట్టే పంట ఇది. జిప్సంలో ఉండేది కాల్షియమే, తనకు కావలసిన ఆ కాల్షియాన్ని కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది కనుక, ఆ ప్రశ్న వెనుక మా ఏడాది బతుకు ఉంది. “చాలా చక్కటి ప్రశ్న, ఈ అబ్బాయికి గట్టిగా చప్పట్లు” అన్నారు అతిథి. కొట్టాం. ఆ తర్వాత వందన సమర్పణ.

సాయంత్రం నేరుగా చేనికి పోయి మట్టి పిసికితే ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి జారి గాలికి కొట్టుకుపోయింది. గురువారం గొర్రు దొరికింది, పదును దొరకలేదు. 4 ఎకరాలకని కాయ కొట్టించి, మందు పట్టించిన 240 కిలోల విత్తనం ఇంట్లో పడి ఉంది. దానిని తినలేము, గానుగకు వేయలేము, ఎలుకల నుంచి కాపాడుకుంటూ మళ్లీ ఆకాశం వైపు చూడడం తప్ప. నీకేమి పోయింది? నీ ఫొటోలు నీకు వచ్చాయి, నీ సంతకాలు నీకు చేరాయి. పేరులో యువత ఉంది, రైతు ఉన్నాడు, వాన పడిన రోజేదో కనుక్కునే తెలివి మాత్రం నీకు లేదు. ముందు రోజు ఒక్క ఫోను చేసి “పదును ఉందా?” అని అడిగి ఉంటే నీ సొమ్మేమి పోయేది?

రైతుకు నేర్పే నీ వంశం మీద నాకు పగ లేదు. 1974లో పుదుచ్చేరిలో తొలి కృషి విజ్ఞాన కేంద్రం మొదలైనప్పుడు చేసి నేర్చుకోవడమే దాని పద్ధతి. 1989లో ఇండోనేషియా వరిమళ్లలో పుట్టిన, పొలంలోనే రైతులు నేర్చుకునే పొలంబడికి గోడలే లేవు. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ మా జిల్లాలో వేరుశనగను ఊడ్చిపెట్టిన తర్వాత, రోగానికి ఆశ్రయం గట్టు మీది వయ్యారిభామ కలుపేనని, దాని పుప్పొడితో పాటు వైరస్‌ను మొక్కకు అంటించేది తామర పురుగులని గట్టు మీదనే నిలబడి చెప్పినవారి మాట విని, ఆ పురుగులకు అడ్డుగా చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్న ఈనాటికీ వేస్తున్నాం. వారెవరూ శాలువా అడగలేదు.

ఆ రోజు కూడా, నీ ప్రమేయం లేకుండానే, ఒక మంచి పని జరిగింది. భోజనాల వేళ మండపం వెనుక వేపచెట్టు కింద ఒక ముసలి క్షేత్ర సిబ్బంది, తడి గోనెపట్ట మీద నూరు గింజలు వరుసగా పరచి, చుట్టి, కట్టు కట్టి, నాలుగైదు రోజుల తర్వాత విప్పి మొలకలు లెక్కపెడితే విత్తనం సత్తా ఎంతో తేలుతుందని పిల్లలకు చేసి చూపించాడు. పదిమంది కుర్రవాళ్లు మైకు లేకుండానే చుట్టూ గొంతుకూర్చుని విన్నారు. ఇప్పుడు అలాంటి చుట్ట ఒకటి మా వసారాలో ఉంది. మా వాడు పూటపూటకూ దానిని తడుపుతున్నాడు. మొలకలు లెక్కపెట్టాలని శనివారం బస్సును సోమవారానికి మార్చుకున్నాడు.

రెండో సదస్సు ఊడలు దిగే కాలానికి పెడతావని విన్నాను. మా చేను గట్టు మీద చింతచెట్టు ఉంది, కుర్చీలు లేవు. ఆ ముసలాయనను, ఒక బస్తా జిప్సాన్ని, మా వాడి ప్రశ్నకు జవాబును వెంటబెట్టుకొని ఉదయం 6 గంటలకు రా. వాన పడి ఉంటే మాత్రం రావద్దు, మేము పనిలో ఉంటాం.

ఇట్లు,
47వ సంతకం