ఆ రాత్రి ఏ పేజీలో ఉంది?

రమణికి నవలలంటే ప్రాణం. మొదటిసారి ఒక యాత్రాగ్రంథం మీద సమీక్ష రాసింది: ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన బాబాయి ఆ కాగితాలు పట్టుకుని వచ్చాడు.

బాబాయి: ‘అడవి దారిలో ఆ రాత్రి ఆయన గుండె దడదడలాడింది’ అని రాశావు. ఏ పేజీలో ఉందమ్మా అది?

రమణి: పేజీలో లేదు బాబాయ్. చదువుతుంటే అలా తోచింది.

బాబాయి: తోచిందని రాయాలి మరి. నవలలో పాత్ర మనసు గురించి నువ్వెంత ఊహించుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఈయన నిజంగా బతికిన మనిషి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటని ఇంకో భాషలో చెప్పేవాడు. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన చెప్పనిది నువ్వు రాస్తే, రేపు ఇంకొకరు అదే చరిత్ర అనుకుంటారు.

రమణి: సరే, ఆ వాక్యం కొట్టేస్తాను. కానీ ఊహ లేకుండా ఈ పుస్తకం నాకు మింగుడుపడలేదు. మొదట్లో ఎంత కష్టపడ్డానో! ఊరి పేరు, ఎంత దూరం, నీళ్లు మంచివా కావా, అంగళ్లున్నాయా లేవా. మళ్లీ ఇంకో ఊరు, మళ్లీ అదే వరస.

బాబాయి: ఆ వరసే పుస్తకం. మన దేశంలో ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంతకుముందు కాశీకి పోయేవాడికి ఏ ఊళ్లో మంచినీళ్లున్నాయో తెలియడం ఎంత అవసరం!

రమణి: నాకు అది రెండోసారి చదివినప్పుడు అందింది. ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో మజిలీ మజిలీకీ ఎందుకు రాసుకున్నాడు? వెంట దాదాపు వందమంది ఉన్నారు, ఇంటివాళ్లు, పల్లకీ మోసే బోయీలు అందరూ కలిపి. పొద్దుగూకేసరికి వాళ్లందరి కడుపులూ నిండాలి. ‘ఇక్కడ అంగళ్లు లేవు’ అన్న చోట నాకు ఆ యజమాని ముఖం కనపడింది. నవలలు చదివిన కళ్లు కాబట్టే కనపడింది బాబాయ్.

బాబాయి: ఇది సమీక్షలో ఎక్కడుంది? రాయాల్సిందే ఇది! సరే, పీఠిక చదివావా?

రమణి: లేదు. ముందుమాటలో కథ చెప్పేస్తారని నవలలకి చివర్లో చదువుతాను. దీనికీ అలాగే వదిలేశాను.

బాబాయి: అదీ సంగతి. 1941 ముద్రణకి సంపాదకుడు దిగవల్లి వేంకట శివరావుగారు అంత శ్రమపడి పీఠిక రాస్తే దాటేశావు. వీరాస్వామి 1836లో పోయాడు. దారిలోంచి ఆయన రాసి పంపినవి చేర్చి, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చు వేయించాడు. తన పుస్తకం ఆయన కళ్లారా చూసుకోలేదమ్మా.

రమణి: అయ్యో... కానీ చూడు, అక్కడున్నవి రెండు తేదీలే. వాటి మధ్య ఆ లోటు పసిగట్టి బాధపడింది నువ్వు. నేను చేసే పనీ అదే.

బాబాయి: తేదీలు నిజమైనవి కాబట్టి బాధపడ్డాను.

రమణి: నేనూ ఉన్న మాట మీదే నిలబడతాను. అడవి రాత్రి తీసేస్తాను. వందమంది అన్నం మాత్రం ఉంచుతాను.

బాబాయి: ఉంచు. అంగళ్లు లేవని ఏ మజిలీ దగ్గర అన్నాడో పేజీ నంబరు వెయ్యి.