రెండు తాళాల పెట్టె: బోగన్‌విల్ పంచాయితీ ఎక్కడ ఆగింది?

మన ప్రహరీ గోడల మీద విరగబూసే కాగితం పూల చెట్టుకీ, నైరుతి పసిఫిక్‌లోని ఒక దీవికీ ఇంగ్లిషులో ఇంచుమించు ఒకటే పేరు. రెండింటికీ ఆ పేరు 18వ శతాబ్దపు ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ వల్లే వచ్చింది. చెట్టు అందరికీ తెలుసు. దీవి మన పత్రికల్లో ఎప్పుడో గానీ కనబడదు. సుమారు మూడు లక్షల జనాభా ఉన్న ఆ దీవి ఇప్పుడు పపువా న్యూ గినీ నుంచి విడిపోవడానికి 2027 సెప్టెంబర్ 1న ముహూర్తం పెట్టుకుంది.

ఆ తేదీ ఊరికే పెట్టుకున్నది కాదు. 1975లో పపువాకు ఆస్ట్రేలియా పాలన నుంచి స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా 15 రోజుల ముందు, సెప్టెంబర్ 1నే బోగన్‌విల్ నాయకులు తమది వేరే దేశమని ప్రకటించుకున్నారు. ఎవరూ గుర్తించలేదు. మరుసటి ఏడాది రాజీపడి ప్రావిన్సుగా చేరారు. 50 ఏళ్లు దాటినా తేదీని మాత్రం మరిచిపోలేదు.

గొడవకు మూలం పంగూనా గని. 1972 నుంచి అక్కడ రాగి, బంగారం తవ్వారు. ఆ ఒక్క గని పపువా ఎగుమతుల ఆదాయంలో 40 శాతానికి పైగా తెచ్చిపెట్టింది. దీవి వాసులకు మిగిలింది జాబా నదిలోకి కొట్టుకొచ్చిన వంద కోట్ల టన్నులకు పైబడిన గని వ్యర్థాలు. ఇక్కడ ఒక సంగతి పట్టించుకోవాలి. బోగన్‌విల్‌లో చాలా తెగల్లో భూమి తల్లి వైపు నుంచి సంక్రమిస్తుంది. 1969లోనే, రేవు కోసం భూమి తీసుకోవడానికి సర్వే వాళ్లు వస్తే, రొరొవానా గ్రామం ఆడవాళ్లు పాతిన గుర్తులు పీకేశారు. పోలీసులు బాష్పవాయువు వదిలి, లాఠీలు ఝళిపించారు. 19 ఏళ్ల తర్వాత గనిలో సర్వేయర్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనా నాయకత్వంలో కుర్రాళ్లు అదే గని పేలుడు పదార్థాలతో కరెంటు టవర్లు కూల్చారు. 1989లో గని మూతపడింది. 1990లో ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. మందులు కూడా వెళ్లనివ్వలేదు. చనిపోయినవారు 15 వేల నుంచి 20 వేల దాకా ఉంటారన్నది తరచూ చెప్పే అంచనా. అందులో తూటాలకు పోయినవారికంటే మందుల్లేక పోయినవారే ఎక్కువంటారు.

ఇలాంటి తగువులో పొరుగువాడు ఏం చేయాలి? దీనికి మన అనుభవం మనకుంది, చేదుగానే ఉంది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆయుధాలు పట్టిన ఎల్టీటీఈ ఆ కాగితం మీద సంతకమే చేయలేదు. మర్నాడు గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్‌ను ఒక సింహళ నావికుడు తుపాకి మడమతో కొట్టాడు. అంటే తమిళులకు సాయం చేయబోయి సింహళుల కోపాన్ని, సింహళ ప్రభుత్వాన్ని కాపాడబోయి పులుల పగను ఒకేసారి మూటగట్టుకున్నాం. శాంతి కాపాడటానికి వెళ్లిన సైన్యం మూడు నెలలు తిరక్కుండానే యుద్ధం చేయాల్సి వచ్చింది. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొచ్చాం. ఆ తర్వాత శ్రీపెరంబుదూరులో జరిగింది తెలిసిందే.

బోగన్‌విల్‌లో ఆ పెద్దన్న స్థానం ఆస్ట్రేలియాది. కానీ అది పాత వలస యజమాని. గని కంపెనీ మూలాలు అక్కడివే. పపువాకు అది ఇచ్చిన హెలికాప్టర్లనే సైన్యం తిరుగుబాటుదారుల మీద వాడింది. అలాంటి దేశం మధ్యవర్తిగా వస్తానంటే ఎవరు నమ్ముతారు? 1990లో న్యూజిలాండ్ నౌక మీద, 1991లో సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో, 1994లో దీవిలోని అరావా పట్టణంలో ప్రయత్నాలు జరిగాయి. ఏదీ నిలబడలేదు.

1997 మొదట్లో ప్రధాని జూలియస్ చాన్ విసిగిపోయి, లండన్‌కు చెందిన శాండ్‌లైన్ అనే కంపెనీ నుంచి కిరాయి సైనికులను తెప్పించాడు. ఒప్పందం విలువ 3.6 కోట్ల డాలర్లు. సొంత సైన్యాధిపతి సింగిరోకే ఎదురు తిరిగి వాళ్లను పట్టుకుని దేశం దాటించాడు. చాన్ పదవి నుంచి తప్పుకున్నాడు, ఆ తర్వాత ఎన్నికల్లో తన సీటూ పోగొట్టుకున్నాడు. యుద్ధంతో తేలదని రెండు వైపులా తెలిసొచ్చిన ఆ క్షణాన్ని న్యూజిలాండ్ పట్టుకుంది.

ఆ ఏడాది జులైలో క్రైస్ట్‌చర్చ్ దగ్గర బర్న్‌హామ్ సైనిక శిబిరంలో జరిగిన తొలి చర్చలకు పపువా ప్రభుత్వాన్ని పిలవలేదు. దీవిలోనే ఒకరినొకరు చంపుకున్న వర్గాలను, అంటే తిరుగుబాటు సైన్యాన్ని, ప్రభుత్వం తరఫున పోరాడిన స్థానిక దళాలను, స్త్రీ ప్రతినిధులను ముందు కూర్చోబెట్టారు. మన ఊళ్లో పెద్దమనుషులు చేసే పనే ఇది. అవతలి వీధితో తగువు తీర్చే ముందు ఇంట్లో అన్నదమ్ముల్ని ఒక మాట మీదికి తెస్తారు. 1987లో మనం చేయని పని సరిగ్గా ఇదే. అక్టోబర్‌లో రెండోసారి బర్న్‌హామ్‌లో కూర్చున్నప్పుడు పపువా వచ్చింది, కాల్పుల విరమణ కుదిరింది.

దాన్ని పర్యవేక్షించడానికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనౌటు నుంచి వచ్చినవాళ్లు పసుపు చొక్కాలు వేసుకుని, చేతిలో ఒక్క తుపాకి లేకుండా దిగారు. గిటార్లు తెచ్చారు. వాళ్ల ప్రాణాలకు పూచీ బోగన్‌విల్ వాళ్లే. సైనికులను ఆయుధాల్లేకుండా యుద్ధభూమికి పంపడం పిచ్చితనమని అప్పట్లో అన్నవాళ్లున్నారు. కానీ అతిథిని చంపితే పరువు పోయేది అక్కడి పెద్దలదే. బయటివాడి దగ్గర తుపాకి లేనప్పుడు వాడిమీద గురిపెట్టడానికి సాకూ దొరకదు. 2003లో వాళ్లు వెనుదిరిగే దాకా ఒక్కరూ తూటాకు బలికాలేదు. అలాగని అందరూ దారికొచ్చారని కాదు. ఓనా 2005లో చనిపోయేదాకా పంగూనా కొండల్లోనే బయటి వాళ్లకు ప్రవేశం లేని అడ్డా కట్టుకుని, ఈ ఒప్పందాలను ఒప్పుకోకుండానే ఉన్నాడు.

2001 ఆగస్టు 30న అరావాలో తుది ఒప్పందం అయింది. స్వయంపాలన, ఆయుధాల అప్పగింత, ప్రజాభిప్రాయ సేకరణ అందులో భాగాలు. ఆయుధాలను ఇనప కంటైనర్లలో పెట్టారు. ఒక్కో పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి స్థానిక కమాండర్ దగ్గర, రెండోది ఐక్యరాజ్యసమితి పరిశీలకుల దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటేనే పెట్టె తెరుచుకుంటుంది.

అసలు ఒప్పందం కూడా ఆ పెట్టె లాంటిదే. స్వయంపాలిత ప్రభుత్వానికి తొలి ఎన్నిక జరిగిన 10 నుంచి 15 ఏళ్ల లోపు రెఫరెండం పెడతామన్నారు. దాని ఫలితానికి పపువా పార్లమెంటు ఆమోదం ఉండాలన్నారు. బోగన్‌విల్ వాళ్లు ‘ఓటు దొరికింది’ అనుకున్నారు. పపువా రాజధాని పోర్ట్ మోర్స్‌బీ వాళ్లు ‘చివరి మాట మనదే’ అనుకున్నారు. ఒకే వాక్యాన్ని ఇద్దరూ రెండు రకాలుగా చదువుకోబట్టే సంతకాలు పడ్డాయి. దీన్ని మోసమని నేననను. మనుషులు చచ్చిపోతున్నప్పుడు వాయిదా కూడా వైద్యమే. 15 ఏళ్లలో పిల్లలు బడికెళ్లారు, తోటల్లో కోకో మళ్లీ కాసింది.

వాయిదా 2019లో తీరింది. 1,76,928 మంది స్వాతంత్ర్యానికి, 3,043 మంది మరింత స్వయంపాలనకు ఓటేశారు. అంటే చెల్లిన ఓట్లలో 98 శాతం స్వాతంత్ర్యానికే. ఆ ఓటు మీద పార్లమెంటు ఏమనాలి, సాధారణ మెజారిటీ చాలా, ఇంకా ఎక్కువ కావాలా అన్నదగ్గరే ఏళ్లు గడిచిపోయాయి. ప్రధాని జేమ్స్ మరాపే (2023లో మోర్స్‌బీ విమానాశ్రయంలో మన ప్రధాని పాదాలు తాకిన ఆయనే) భయం అర్థం చేసుకోదగ్గదే. 800కు పైగా భాషలున్న దేశంలో ఒకరికి తలుపు తీస్తే మిగతా ప్రావిన్సులు ఊరుకుంటాయా?

నన్ను కలవరపెట్టేది ఆయన భయం కాదు, సాక్షుల మౌనం. ఆనాడు సంతకాలకు దగ్గరుండిన పొరుగు దేశాలు ఇప్పుడు ‘అది మీ రెండు పక్షాల విషయం’ అని పక్కకు జరుగుతున్నాయి. 2022లో సోలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నాక ఆస్ట్రేలియాకు పపువా సైనికంగా మరింత అవసరమైంది. 2025 అక్టోబర్‌లో ఆ రెండూ పరస్పర రక్షణ ఒప్పందమే కుదుర్చుకున్నాయి. పంచాయితీలో పెద్దమనిషి ఒక పక్షానికి వియ్యంకుడైపోతే రెండో పక్షం ఎక్కడికి పోవాలి? పంగూనా గనిని తెరిచి దేశం నడుపుకుంటామంటున్న బోగన్‌విల్‌కు పెట్టుబడి కావాలి. అది ఎవరి దగ్గర దొరికితే వాళ్ల దగ్గరకు వెళ్తుంది. మౌనంగా ఉన్న సాక్షులు అప్పుడు చైనా పేరెత్తి గోల పెట్టడంలో అర్థముండదు.

కొత్త సైన్యాలు, కొత్త ఒప్పందాలు ఇక్కడ అక్కర్లేదు. పార్లమెంటులో ఓటింగుకు తేదీ, పద్ధతి రాసుకునేదాకా, కాదంటే తర్వాత ఏమిటో తేలేదాకా బల్ల దగ్గర కూర్చునే మూడో మనిషి చాలు. అలాంటి మనిషి ఒకరు ఇప్పటికే ఉన్నారు. 1998లో ఆయుధాల్లేని ఆ పర్యవేక్షక బృందానికి నాయకత్వం వహించి, తర్వాత న్యూజిలాండ్ గవర్నర్ జనరల్ అయిన జెర్రీ మాటెపరాయినే 2024లో రెండు పక్షాలూ మధ్యవర్తిగా పెట్టుకున్నాయి. 2025 జూన్‌లో ఆయన వాళ్లను మళ్లీ ఆ బర్న్‌హామ్‌కే తీసుకెళ్లాడు. అక్కడ ఇంకో కాగితం మీద సంతకాలయ్యాయి. ఈసారి పెట్టెలో పెట్టడానికి ఆయుధాల్లేవు. రెండో తాళంచెవి మాత్రం మోర్స్‌బీ పార్లమెంటు దగ్గరే ఉంది.