నో సౌండ్స్ గారి సముఖానికి

అయ్యా,

పర్లాకిమిడి నుంచి ఒక డీటీపీ వాడి నమస్కారాలు. నా కంప్యూటర్‌లో విండోస్ చప్పుళ్ళు ఎంచుకునే సౌండ్ స్కీమ్ గడిలో తమరు వచ్చి కూర్చున్నారని నిన్న సాయంత్రం వరకు నాకు తెలీదు. బరంపురంలో చదువుతున్న మా మేనల్లుడు సెలవులకొచ్చి, "ఈ టింగుటింగులు చిరాకు మావయ్యా" అని తమర్ని ప్రతిష్ఠించి పోయాడట.

నిన్న రెండింటికి మాస్టారి శతకం పీడీఎఫ్‌కి పెట్టాను. 112 పేజీలు, పేజీకో బొమ్మ, అరగంట పని. నాలుగింటి బస్సుకి పెన్‌డ్రైవ్ శ్రీకాకుళం ప్రెస్సుకి వెళ్ళాలి. నేను కంప్యూటర్‌కి వీపు పెట్టి బిల్లు పుస్తకాలు కుడుతున్నాను. పాతపట్నం నుంచి వచ్చిన మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. "ఏరా, అవుతందా?" అని రెండుసార్లు అడిగారు. "అవుతంది మాస్టారూ, తేడా వస్తే టింగుమంటాది" అని రెండుసార్లూ చెప్పాను.

మూడూ నలభైకి వెనక్కి తిరిగితే, మూడో పేజీ దగ్గరే ఆగి ఉంది. తెరిచి ఉన్న పేజీని పక్కకి లాగితే దాని వెనక చిన్న పెట్టె: ఫాంటు దొరకలేదు, కొనసాగించాలా? ఒక్క ఓకే! దానికోసం గంటా నలభై నిమిషాలు ఆ పెట్టె, ఒకటికి పర్మిషన్ అడిగే బడిపిల్లాడిలా చెయ్యెత్తుకుని నిలబడి ఉంది. తమరు వాడి నోరు మూసి పట్టుకున్నారు.

స్పీకర్లు పాడయ్యాయా అంటే, లేదు. అంతసేపూ వాటిలోంచి పాటలు మోగుతూనే ఉన్నాయి. ఆ యూపీఎస్ ఒకటి, కరెంటు పోయిందని కేకలు పెడుతుంది. ఫ్యాను ఆగింది మాకు కనబడదా?

మా పాత డబ్బా ఆన్ చేస్తే ఒక్క బీప్, అంతా బాగుందని. ఆగకుండా అరిచిందంటే ర్యామ్ కదిలిందని. తీసి, రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చేవాణ్ణి. మానిటర్ వెలగకముందే రోగం తెలిసేది. విండోస్ 95 తెరుచుకునే చప్పుడు కోసం బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు 84 ముక్కలు చేశానని చెప్పుకున్నాడు. కొన్ని సెకన్ల శబ్దానికి! చూపు లేనివాళ్ళకి తెర మీది రాత చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రామ్‌లో పని సాగేకొద్దీ బీప్ స్వరం పైకి ఎక్కుతుంది. నాకు కళ్ళున్నాయి, నిజమే, కాని వీపుకి లేవు. మా అమ్మ గుణుపురం రైలు కూత విని ఎసరు పెట్టేది, గడియారం చూడ్డానికి లోపలికి వెళ్ళేది కాదు.

బస్సు వెళ్ళిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు, గొడుగు తీసుకుని లేచారు. తిట్టినా బాగుండేది. ఒరే నో సౌండ్సూ, డెబ్బై దాటిన మనిషిని రెండు గంటలు స్టూలు మీద కూర్చోబెట్టించావు కదరా నా చేత!

రాత్రే నిన్ను పీకేసి పాత టింగు పెట్టాను. ఫాంటు ఎక్కించి పొద్దున్న మళ్ళీ మొదలుపెట్టాను. మాస్టారు అదే స్టూలు, నేను అదే బల్ల. ఎనిమిది నిమిషాలకి టింగ్. డిస్కులో చోటు చాలదట. నేను సూది కింద పెట్టేలోపే మాస్టారు అన్నారు:

"అదిగోరా, పిలుస్తంది."