రాత్రి తీసే రక్తపు చుక్క

మా మామ్మకి ఎడమకాలు బోదకాలు. ఎవరైనా ఇంటికొస్తే చీర కుచ్చిళ్ళు పాదం మీదికి లాక్కునేది. ఎందుకొచ్చిందని అడిగితే "గోదారి కాలవ నీళ్ళ గుణంరా అబ్బాయ్" అనేది. మా కోనసీమలో ఆ తరం వాళ్ళ నోట చాలాసార్లు విన్న మాటే ఇది.

దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేను. సైన్సు కూడా చాలాకాలం నీళ్ళనే అనుమానించింది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్ల పురుగుల్ని మైక్రోస్కోపు కింద చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో పెరుగుతాయని కనిపెట్టాడు. అంత దూరం వెళ్ళినవాడు కూడా, దోమ నీళ్ళలో పడి చస్తే ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జబ్బు వస్తుందనుకున్నాడు. దోమ తొండంలో పురుగుని చూసి, కాటుతోనే అంటుకుంటుందని 'జార్జ్ లో' అనే డాక్టరు చూపించింది 1900లో.

ఈ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రి వేళకి చర్మం కింది రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట తలుపు కొట్టి, వేలు గుచ్చి, స్లైడు మీద రక్తం పూస్తారు. "నాకేం లేదు, బానే ఉన్నాను" అని తలుపేసుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. కాలు వాయకముందు ఏళ్ళ తరబడి మనిషి బాగానే కనిపిస్తాడు. ఆ ఏళ్ళలోనే దోమలకి పురుగుల్ని పంచుతాడు. కలకత్తాలో చూసిన పురుగుని మా వీధిలో, ఒక్కొక్కరి ఒంట్లో మళ్ళీ వెతికి పట్టుకోవాల్సిందే.

దీనికి వాడే డీఈసీ మందు 1947లో అమెరికాలో ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం నుంచి వచ్చింది. ఆయన పుట్టింది మన భీమవరంలో. ఆ మాత్రలు ఊరికే పంచినా మింగకుండా గూట్లో పెట్టేసేవాళ్ళున్నారు. జ్వరం వస్తుందని, కళ్ళు తిరుగుతాయని భయం. పురుగులు చచ్చేటప్పుడు ఒళ్ళు అలా స్పందిస్తుంది, రక్తంలో అవి ఎక్కువున్నవాళ్ళకి ఆ ఇబ్బందీ ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పి, అన్నం తిన్నాక ఎదురుగా మింగించాలి. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి, బాగా జబ్బుపడ్డవాళ్ళకి మాత్రం ఇవ్వకూడదు. మురుగు కాలవల్లో పూడిక తీయకుండా మాత్రలు మాత్రం పంచడం సగం పనే, అక్కడే కదా ఈ దోమ గుడ్లు పెట్టేది.

మామ్మ చివరిదాకా రోజూ సాయంత్రం పీట మీద కూర్చుని, వేళ్ళ సందులు సబ్బుతో కడిగి, పాతచీర ముక్కతో తడి ఒత్తుకునేది. ఆ కాలు వాయకముందు ఒక్క రాత్రయినా ఎవరూ వచ్చి ఆమె వేలు గుచ్చలేదు.