వైరల్ అయితే సరే, వంటగది సాగుతుందా?

చిన్న హోటల్ గానీ, ఇంట్లో వండి ఆర్డర్ల మీద ఇచ్చేవాళ్లు గానీ, రోడ్డు పక్కన బండి గానీ, ఎవరు కొత్తగా మొదలుపెట్టినా ఇప్పుడు అందరూ చెప్పే ఉచిత సలహా ఒకటే, రీల్స్ చెయ్యండి. గ్యాస్ కనెక్షన్ కంటే ముందు ఇన్‌స్టా పేజీ, లోగో, ట్రెండింగ్ ఆడియో. ఆ తర్వాత ఎవరో ఫుడ్ వ్లాగర్ వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, ఇక కౌంటర్ దగ్గర క్యూనే అని ఒక నమ్మకం. సోషల్ మీడియా వద్దని నేను అనట్లేదు, వైరల్ అవ్వాలి అనే టార్గెట్టే చిన్న ఫుడ్ బిజినెస్‌కి పనికిరాని టార్గెట్ అంటున్నా.

లెక్క చాలా సింపుల్. చిన్న కిచెన్ పూటకి ఎన్ని ప్లేట్లు ఇవ్వగలదో దానికో హద్దు ఉంటుంది, గిన్నెల సైజు, బర్నర్లు, వండే చేతులు, ఫ్రిజ్‌లో చోటు అన్నీ కలిసి ఆ హద్దు పెడతాయి. వ్యూస్‌కి అలాంటి హద్దు లేదు. పైగా బట్టలో ఫోన్ కవర్లో అమ్మేవాళ్లు ఎక్కడి ఆర్డరైనా పార్సిల్ కట్టి పంపుకోవచ్చు, వేడిగా వడ్డించాల్సిన తిండి నాలుగు కిలోమీటర్లు దాటితే అది మీరు వండిన తిండి కాదు. అంటే ఐదు వందల కిలోమీటర్ల అవతల లైక్ కొట్టినవాడు మీ కస్టమర్ కాదు, ఈ జన్మలో అయ్యే అవకాశమూ తక్కువే. ఊరంతా చుట్టాలే గానీ ఉట్టి కట్టుకునే చోటు లేదన్నట్టు లక్ష మంది ఫాలోవర్లు, మధ్యాహ్నం మాత్రం ఖాళీ టేబుళ్లు.

సరే, నిజంగానే వైరల్ అయ్యారనుకుందాం, అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఒక్కసారిగా జనం వస్తారు, రోజూ వచ్చే పాత కస్టమర్ బండి పెట్టుకోవడానికి చోటు లేక రెండు రోజులు చూసి మూడో రోజు పక్క వీధికి మారిపోతాడు, వంటమనిషి అదే టైంలో రెట్టింపు వండాలి కాబట్టి రుచి జారుతుంది, గంట నిల్చుని తిన్నవాడు రుచి కంటే ఆ గంట గురించే రివ్యూ రాస్తాడు, ఒక్క స్టార్ పెడతాడు. ఆ గుంపు వచ్చే వారానికి ఇంకో వైరల్ చోటికి పోతుంది, ఆ స్టార్లు మాత్రం ఇక్కడే ఉంటాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా 2011లో అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల మీద చేసిన స్టడీలో యెల్ప్ (హోటళ్లకి జనం రివ్యూలు, స్టార్లు ఇచ్చే వెబ్‌సైట్) రేటింగ్ ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది, అదీ పెద్ద చైన్లకి కాదు, సొంతంగా నడుపుకునే హోటళ్లకి. కొత్తవాడికి చైన్ గురించి ముందే ఒక అంచనా ఉంటుంది, చిన్నవాడి గురించి ఆ స్టార్లే చెప్పాలి. అంటే రేటింగ్ పడిపోతే దెబ్బ ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

యాడ్స్‌కి డబ్బుల్లేనివాడికి రీల్ ఒక్కటే దిక్కు కదా అంటారు. కొంత నిజమే, కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీకే వండే, బోర్డు కూడా లేని క్లౌడ్ కిచెన్‌కి, రోజూ చోటు మారే ఫుడ్ ట్రక్‌కి మొదటి నెలల్లో ఎవరో ఒకరికి తెలియాలి. కానీ తెలియడం వేరు వైరల్ అవ్వడం వేరు, ఈ తేడా మార్కెటింగ్ ఏజెన్సీ మీకు చెప్పదు, ఎందుకంటే దాని బిల్లు వ్యూస్ మీద నడుస్తుంది.

ఇంకోటి, ఆ ఫాలోవర్లు కూడా మీ చేతిలో ఉండరు. ఫేస్‌బుక్ పేజీ పెట్టి వేలల్లో లైకులు కూడబెట్టుకున్నవాళ్లకి 2014 నాటికే ఉచిత రీచ్, అంటే డబ్బు కట్టకుండా పోస్టు చేరే జనం, పడిపోవడం మొదలైంది, 2018 జనవరిలో స్నేహితుల, బంధువుల పోస్టులకే పెద్దపీట అని చెప్పి బిజినెస్ పేజీలని ఇంకా కిందికి తోశారు. ఇన్‌స్టా 2016లో పోస్టులు టైం ప్రకారం చూపించడం మానేసి, ఎవరికి ఏది చూపించాలో తనే లెక్కేసి తేల్చే అల్గారిథంకి వెళ్లింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి, ఆర్డర్లన్నీ మెసేజ్‌లలోనే తీసుకునేవాళ్లకి ఆ పూట బేరం లేనట్టే.

మరి ఏం చెయ్యాలి అంటే, బోరు కొట్టే పనులు చెయ్యాలి. గూగుల్ మ్యాప్స్‌లో లిస్టింగ్ సరిగ్గా పెట్టండి, టైమింగ్స్, ఫోన్ నంబరు, సెలవు రోజు, ఇవాళ్టి మెనూ ఫొటో. దగ్గర్లో తినడానికి ఏముంది అని వెతికేవాడు ఆకలి మీద ఉన్నాడు, రీల్ చూసేవాడు టైంపాస్ మీద ఉన్నాడు, ఇద్దరూ ఒకటి కాదు. లోకల్ సెర్చ్‌లో ఎవర్ని పైన చూపించాలో తేల్చడానికి చూసే మూడింట్లో దూరం ఒకటని గూగులే చెప్తోంది, చిన్నవాడికి పెద్దవాడి మీద పైచేయి దొరికే చోటు ఇదొక్కటే. తర్వాత వాట్సాప్. ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, దాన్ని అందరూ లోపం అంటారు, నాకు అదే వరం అనిపిస్తుంది, నంబర్ సేవ్ చేసుకున్నాడంటే మళ్లీ వస్తానన్నట్టే. పదకొండింటికి ఇవాళ ఏముందో ఒక మెసేజ్, అయిపోగానే అయిపోయిందని స్టేటస్, అంతే. డబ్బులు పెట్టి యాడ్ ఇచ్చినా మ్యాప్ మీద పిన్ పెట్టి చుట్టూ కొన్ని కిలోమీటర్లకే ఇవ్వండి, ఊరికే బూస్ట్ బటన్ నొక్కి దేశం మొత్తానికి చూపించకండి.

కానీ నా అసలు కోపం వేరే. వండేవాళ్లని, కుట్టేవాళ్లని, పాఠాలు చెప్పేవాళ్లని, చివరికి డాక్టర్లని కూడా వీడియోలు తీసేవాళ్లుగా మార్చేశాం, అదీ జీతం లేకుండా. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్‌ల యజమాని కంపెనీ మెటా ఆదాయం 2023లో దాదాపు 13,500 కోట్ల డాలర్లు, అందులో 97 శాతం పైన యాడ్స్‌దే. ఆ యాడ్స్ మధ్యలో జనాన్ని కూర్చోబెట్టడానికి కావాల్సిన వీడియోలు ఎవరు తీస్తున్నారు? పొద్దున నాలుగింటికి లేచి స్టవ్ వెలిగించి, రాత్రి గిన్నెలు కడిగాక ట్రైపాడ్ పెట్టుకుని లైటింగ్ చూసుకునే ఆ హోటలాయన. అందులో ఒకటి హిట్ అయితే లాభం ఇద్దరిదీ, మిగతా తొంభై తొమ్మిది ఫ్లాప్ అయితే పోయేది ఆయన నిద్ర ఒక్కటే, ప్లాట్‌ఫామ్‌కి ఆ తొంభై తొమ్మిదీ ఫ్రీగా వచ్చిన సరుకే. ఇంత చేశాక వ్యూస్ రాకపోతే హుక్ (చూసేవాణ్ని ఆపే మొదటి క్షణాలు) బాలేదు, కన్సిస్టెన్సీ లేదు, రోజుకి రెండు పెట్టండి అని క్లాసు పీకుతారు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.